టోక్యోలో సోయా ఓడ, ఉయెనోలో జిరో

టోక్యోలో సముద్రం ఒడ్డున ఉన్న ఓడైబా వెళ్లేవాళ్లు మాల్స్ తిరిగి, రెయిన్‌బో బ్రిడ్జి దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. అక్కడే ఒడ్డున కట్టేసి ఉన్న 'సోయా' మాత్రం చాలామంది కంటపడదు. జపాన్ కోస్ట్ గార్డ్ నడిపిన ఓడ ఇది. టికెట్ లేదు, గుమ్మం దగ్గర విరాళాల పెట్టె ఉంటుంది. సోమవారాలు వెళ్లకండి, మూసేస్తారు.

బస సంగతి ముందే చెప్పాలి. సముద్రం కనబడే గది అంటే ఎక్కువ డబ్బు కట్టి ఓ హోటల్లో ఒక రాత్రి ఉన్నాం. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ! అడిగితే గది మార్చలేదు, డబ్బూ వెనక్కివ్వలేదు. మిగతా రోజులు టోక్యోలోనే, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయ్‌లో తమ్ముడి ఇంట్లోనే ఉన్నాం. కందిపప్పు, కరివేపాకు నడిచి వెళ్లి తెచ్చుకునేంత దూరంలో దొరికాయి. టోయోసు దాకా వెళ్లి యురికమోమె ఎక్కాం. డ్రైవర్ లేని రైలు కదా, ముందు సీటు దొరికితే వదలొద్దు.

సోయా నాగసాకిలో పుట్టింది, 1938లో. సోవియట్లు చేయించుకున్నా వాళ్ల చేతికి వెళ్లలేదు. యుద్ధంలో జపాన్ నౌకాదళానికి పనిచేసింది. 1943లో టార్పెడో వచ్చి తగిలినా పేలలేదు! యుద్ధం అయ్యాక విదేశాల్లో చిక్కుకుపోయిన జపనీయులను ఇంటికి చేర్చింది, దీపస్తంభాలకు సరుకులు మోసింది. 1956లో తొలి అంటార్కిటికా యాత్రకు బయల్దేరి, 1962 దాకా ఆరుసార్లు వెళ్లొచ్చింది.

లోపల మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ పై డెక్‌కి ఎక్కలేకపోయింది, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోండి. రెయిలింగు మీద పొరలు పొరలుగా రంగు, చెయ్యి పెడితే ఉబ్బెత్తుగా తగులుతుంది. పడక గదులు ఎంత ఇరుకంటే, ఒకరు లేచి నిలబడితే రెండోవాళ్లు పడుకునే ఉండాలి.

నాకు నచ్చనిది ఒక్కటే. అందరి చూపూ అంటార్కిటికా మీదే. ఆ తర్వాత 1978లో రిటైరయ్యేదాకా ఉత్తర సముద్రాల్లో గస్తీ తిరిగి, మంచులో ఇరుక్కున్న చేపల పడవల కోసం దారి కోసుకుంటూ వెళ్లిందే, ఆ పదహారేళ్ల దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగడం లేదు. వెయ్యి మందికి పైగా ప్రాణాలు కాపాడింది. 'ఉత్తర సముద్రపు కాపలా దేవత' అని పేరొచ్చింది అందుకే. నేనైతే ఆ కథ కోసమే మళ్లీ వెళ్తాను.

మర్నాడు ఉయెనోలోని జాతీయ ప్రకృతి, విజ్ఞాన మ్యూజియానికి వెళ్లాం. 1958లో వాతావరణం బాగోలేక సోయా అంటార్కిటికా నుంచి వెనుదిరిగినప్పుడు, మంచు బండ్లు లాగే పదిహేను కుక్కలను అక్కడే వదిలేయాల్సి వచ్చింది. ఏడాదికి వెళ్లి చూస్తే రెండే బతికున్నాయి, తారో, జిరో. చనిపోయాక భద్రపరిచిన ఆ జిరో ఇక్కడ అద్దాల వెనక నల్లటి బొచ్చుతో నిలబడి ఉంది, పక్కనే చనిపోయిన యజమాని కోసం స్టేషన్ దగ్గర ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుక్క హాచికో. అమ్మ చాలాసేపు కదల్లేదు.

"అంత చలిలో ఏం తిని బతికాయిరా పాపం?" అంది.

నా దగ్గర జవాబు లేదు. బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. మళ్లీ లేచి దాని ముందుకే వెళ్లింది.