టియర్‌డ్రాప్ ట్రైలర్ బరువు తగ్గింపు: ఏది నిలిచింది, ఏది శ్రమ దండగైంది

డెన్వర్‌లో మా ఇంటి గ్యారేజీలో సొంతంగా కట్టుకున్న టియర్‌డ్రాప్ ట్రైలర్, అంటే కారు వెనక తగిలించి లాగే నీటిబొట్టు ఆకారపు చిన్న బండి, ఐదడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు ఉంటుంది. లోపల ఇద్దరు పడుకునే చోటు ఉంది, వెనక తలుపు పైకెత్తితే వంటిల్లు వస్తుంది. దాన్ని లాగేది మా సుబారు ఫారెస్టర్ కారు. అమెరికాలో అమ్మే మా తరం ఫారెస్టర్ మామూలు రకాలు లాగగల బరువు 1,500 పౌండ్లకు, అంటే సుమారు 680 కిలోలకు మించరాదని కంపెనీ పుస్తకంలో ఉంది. కట్టిన కొత్తలో పరుపు, బ్యాటరీతో కలిపి మా ట్రైలర్ 1,240 పౌండ్లు తూగేది. నీళ్లు, గ్యాసు, వంట సామాను, బట్టలు ఎక్కిస్తే 1,560 అయ్యేది. పరిమితి మీద ఎక్కువైన ఆ 60 పౌండ్లను దించడానికి మొదలుపెట్టిన పని 300 పౌండ్ల దాకా సాగి, నిండు బరువు 1,260 దగ్గర ఆగింది. ఆ మార్పులన్నీ కొన్నేళ్లుగా కొలరాడో, యూటా కొండదారుల్లో కుదుపులు తిన్నాయి కాబట్టి వాటి బాగోగులు ఇప్పుడు రాస్తున్నాను.

తగ్గిన 300 పౌండ్లు, అంటే 136 కిలోలలో కర్రపని వల్ల తగ్గింది 41 కిలోలు మాత్రమే, కానీ గ్యారేజీలో గడిపిన సమయంలో అధిక భాగం ఆ 41 కిలోలే మింగేశాయి. మిగిలినదంతా పరుపు, బ్యాటరీ, గ్యాసు సిలిండరు, నీళ్లు, ముందరి పెట్టె, వంటగిన్నెల వంటివాటి నుంచి వచ్చింది. ట్రైలర్ బరువు అనగానే అందరి చూపూ గోడల ప్లైవుడ్ మీదికే పోతుంది కానీ, అసలు లెక్క అక్కడ తేలదు.

ముక్కాలంగుళం ప్లైవుడ్‌తో కట్టిన ఒక్కో పక్కగోడ, తలుపు ఖాళీ పోగా, ఇరవై కిలోలు ఉండేది. బయటి అల్యూమినియం రేకు ఊడదీసి, గోడలో గళ్లు కోసి, చట్రం మాత్రం మిగిల్చి, గళ్లలో ముక్కాలంగుళం మందం ఫోమ్ పలకలు నింపాను. కోసి పారేసిన చెక్క గోడకు పది కిలోలు వచ్చింది. అయితే గళ్లు కోసిన గోడను లోపలి వైపు అలాగే వదిలేయడం కుదరదు కదా, దాని మీద మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ అతికించాలి. ఆ పలక, ఫోమ్, జిగురు కలిసి నాలుగు కిలోలు తిరిగి పట్టుకొచ్చాయి. చివరికి గోడకు ఆరు కిలోలు మిగిలాయి. చలికి మాత్రం ఈ గోడ ఎంతో నయం: ఇదివరకు తెల్లవారుజామున లోపలి చెక్క మీద చేయి పెడితే తడి తగిలేది, ఇప్పుడు ఆ చెమ్మ కనిపించదు. బరువు కోసమే అయితే, కట్టేసిన ట్రైలర్‌కు ఈ పని చేయమని ఎవరికీ చెప్పను. కొత్తగా కట్టేవారు మొదటి నుంచే ఈ పద్ధతిలో కట్టుకోవచ్చు.

వంటింటి అల్మరాల సంగతి వేరు. ముక్కాలంగుళం, అరంగుళం పలకలు తీసేసి, సన్నని కర్ర చట్రాలకు ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్ జిగురుతో అతికిస్తే 22 కిలోలు తగ్గాయి. ఆరు మిల్లీమీటర్ల పలక అంచులో స్క్రూ నిలవదు, దిగినట్టే దిగి మొదటి మట్టిరోడ్డు మీదే వదులవుతుంది. అందుకే ప్రతి మూలలోనూ కర్రముక్క పెట్టి, స్క్రూ ఆ ముక్కలోకే దిగేలా చేశాను. యూటాలోని గతుకుల దారుల్లో ఇన్నాళ్లు తిరిగినా మూలలు కదల్లేదు. బియ్యం, పప్పు డబ్బాలు పెట్టే అర మాత్రం మధ్యలో వంగింది, దాని కింద ఒక పట్టీ తగిలించాల్సి వచ్చింది. సొరుగుల ఉక్కు స్లైడ్లు కూడా తీసేసి, కొవ్వొత్తి రుద్దిన కర్ర పట్టాలు పెట్టాను. అవి ఉక్కువాటంత మెత్తగా జారవు, వానపడితే కాస్త బిగుస్తాయి కూడా, అయినా వాటితో నాకు పేచీ లేదు.

ఇక నన్ను బాగా ఆశ్చర్యపరిచింది పరుపు. మేము వేసుకున్న ఆరంగుళాల మెమరీ ఫోమ్ పరుపును చుట్టి సామాన్లు తూచే కొక్కెం కాటాకు తగిలిస్తే 29 కిలోలు తూగింది. ఆ రకం ఫోమ్ ఘనపుటడుగుకు దాదాపు నాలుగు పౌండ్లు ఉంటుంది, మామూలు పాలీయురేథేన్ ఫోమ్ రెండు పౌండ్ల లోపే. నాలుగంగుళాల మామూలు ఫోమ్ కోయించి వేసుకుంటే అది తొమ్మిది కిలోలే అయింది. రెండు గోడలనూ తూట్లు పొడిచి సాధించిన దానికన్నా ఎక్కువ, ఒక్క పూటలో తగ్గిందన్నమాట. వెల్లకిలా పడుకునేవారికి అది చాలు, పక్కకు తిరిగి పడుకుంటే భుజం ఒత్తుకుంటుంది. దాని మీద మా ఆవిడ పరిచిన పాత బొంత రెండు కిలోలు కలిపినా ఆ ఇబ్బంది తీర్చింది.

బ్యాటరీ మార్పు ఖర్చుతో కూడినదే, అయినా ఏ కోశానా విచారం లేదు. వంద ఆంపియర్-అవర్ల పాత ఏజీఎం (సీసపు రకం) బ్యాటరీ ముప్ఫై కిలోలుండేది, దాన్ని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది. అంతే సామర్థ్యం ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పన్నెండు కిలోలు, అందులో ఉన్నదంతా దాదాపుగా వాడుకోవచ్చు. ఒక్కటే చిక్కు: సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. అక్టోబరులో కొండల మీద తెల్లవారాక సోలార్ పలక పని మొదలుపెట్టినా, బయట పెట్టెలోని బ్యాటరీ వేడెక్కేదాకా అందులోని రక్షణ సర్క్యూట్ ఛార్జింగును రానివ్వదు. దాన్ని ట్రైలర్ లోపల, పడుకునే చోట ముందు గోడకు ఆనించి, కాళ్ల వైపు అమర్చాక ఆ సమస్య రాలేదు.

ఇలా మార్చేటప్పుడు ముక్కు బరువు, అంటే ట్రైలర్ కారు హిచ్ (ట్రైలర్‌ను తగిలించే వెనక కొక్కెం) మీద మోపే బరువు, తప్పక చూడాలి. మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలన్నది అమెరికాలో సాధారణంగా పాటించే లెక్క; తక్కువైతే వేగంగా వెళ్తున్నప్పుడు, పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడు ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఉక్కు పెట్టె బదులు అల్యూమినియం పెట్టె, పెద్ద సిలిండరు బదులు ఐదు పౌండ్ల గ్యాసు పట్టే చిన్నది, బరువైన బ్యాటరీ బదులు తేలికది పెడితే, ఇవన్నీ యాక్సిల్‌కు (చక్రాల ఇరుసుకు) ముందు ఉండేవే కనుక ముక్కు తేలిపోతుంది. స్నానాల గదిలోని కాటా మీద నిలబెట్టి చూస్తే మాది 45 కిలోలకు దిగింది, అంటే 8 శాతం. వెనకున్న బట్టల సంచులు, పనిముట్ల డబ్బా ముందు పెట్టెలోకి మార్చాక 64 దగ్గర నిలిచింది. అప్పటినుంచి ఏ మార్పు చేసినా ముక్కు తూచందే బండి బయటికి తీయను.

మొత్తం బరువుకు హైవే పక్క ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ కాటా వాడతాను. అది ఇరవై పౌండ్ల మెట్లలో చూపిస్తుంది కనుక చిన్న మార్పులు అందులో కనిపించవు.

పెట్రోలు ఆదా అవుతుందని ఎవరైనా ఈ పనికి పూనుకుంటే నిరాశే మిగులుతుంది. మైదానంలో హైవే వేగంతో పోతున్నప్పుడు కారు పోరాడేది గాలితో. ట్రైలర్ ఆకారం మారలేదు గనుక మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తేడా అంతా డెన్వర్ నుంచి కొండల్లోకి పోయే ఐ-70 హైవే మీద పడమటి వైపు ఎక్కుతున్నప్పుడు తెలుస్తుంది. ఐసెన్‌హోవర్ సొరంగం 11,000 అడుగులు దాటిన ఎత్తులో ఉంది, టర్బో లేని ఇంజిను అక్కడికి చేరేసరికి తన శక్తిలో సుమారు మూడో వంతు కోల్పోతుంది. అంతకుముందు హజార్డ్ లైట్లు వేసుకుని లారీల వెనక పాకిన చోట ఇప్పుడు మిగతా కార్లతో కలిసి పోగలుగుతున్నాం. దిగేటప్పుడు ఇంకా మేలు: తగ్గిన ప్రతి కిలో కారు బ్రేకుల మీద భారాన్ని తగ్గిస్తోంది.

చేసి ఉండకూడదనిపించేది ఒక్కటే. వెనక తలుపు తేలిక చేసినప్పుడు దాని మీద ఒక మిల్లీమీటరు రేకు బదులు 0.6 మిల్లీమీటర్ల రేకు వేశాను. దానివల్ల తగ్గింది రెండు కిలోల చిల్లర, ఇక్కడి వేసవి వడగళ్లకు మాత్రం తలుపంతా సొట్టలు పడింది. పైకప్పు మీది పాత మందం రేకుకు అదే వానలో ఏమీ కాలేదు.

ఉక్కు చట్రాన్ని తీసి అల్యూమినియంతో చేయించమని సలహా ఇచ్చేవారున్నారు. ఎడతెగని కుదుపులకు అల్యూమినియం అతుకుల దగ్గర అలిసిపోయి పగులుతుంది, అలా కాకుండా చేయాలంటే మందం పెంచాలి, పెంచితే వచ్చే లాభంలో కొంత పోతుంది. ఇప్పటికే పరిమితికి 240 పౌండ్లు కింద ఉన్నాం కాబట్టి చట్రం జోలికి పోను, దోసెల ఇనప పెనాన్నీ ఇంట్లో దించను.