సొంతంగా చేసుకున్న ఆడియో కేబుళ్లు: హనుమకొండ ఇంట్లో దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

మా హాలులోని స్టీరియో సెట్టుకు వాడుతున్న కేబుళ్లు దాదాపు అన్నీ నేను చేసుకున్నవే. 2016 వేసవిలో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా చేసుకుంటూ వచ్చాను. సెట్టులో ఒక ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫైయర్, ఒక సీడీ ప్లేయర్, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (రికార్డు గాడిని చదివే సూది ఉండే భాగం) ఉన్న రికార్డ్ ప్లేయర్, రెండు షెల్ఫ్ స్పీకర్లు ఉన్నాయి. టీవీ శబ్దం కూడా ఈ యాంప్లిఫైయర్ ద్వారానే వస్తుంది. ఇన్నేళ్లు రోజూ వాడిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, సొంత కేబుల్ వల్ల లాభం నిజంగానే ఉంది, కానీ ఆ లాభమంతా గట్టి అతుకులోనూ, దట్టమైన షీల్డులోనూ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు), మన గదికి సరిగ్గా సరిపోయే పొడవులోనూ ఉంది. రాగి ఎంత స్వచ్ఛమైనదన్న చర్చకు నేను ఇప్పుడు ప్రాధాన్యం ఇవ్వడం లేదు.

స్పీకర్ వైర్లతో మొదలుపెడతాను, ఎందుకంటే వాటిలో లెక్క సులభం. మన దుకాణాల్లో వీటిని చదరపు మిల్లీమీటర్లలో అడిగేవారు తక్కువ. 14/76, 23/76, 40/76 అనే అడుగుతారు, అలాగే ఇస్తారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది ఒక్కో పోగు మందం, అంటే 0.0076 అంగుళం. ఆ లెక్కన 23/76 వైరు సుమారు 0.67 చదరపు మిల్లీమీటర్లు, 40/76 సుమారు 1.17, 70/76 రెండుకు కాస్త పైన ఉంటాయి. మా హాలులో దూరపు స్పీకర్‌కు నాలుగు మీటర్ల వైరు పడుతుంది, అంటే పోను రాను ఎనిమిది మీటర్ల రాగి. 40/76 వేస్తే మొత్తం నిరోధం 0.12 ఓం దగ్గర ఉంటుంది, 8 ఓంల స్పీకర్ దగ్గర దానివల్ల తగ్గే శబ్దం ఒక డెసిబెల్‌లో ఎనిమిదో వంతు మాత్రమే. అది ఏ చెవికీ అందే తేడా కాదు. అయితే 8 ఓంలు అని రాసి ఉన్న స్పీకర్ కూడా కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర 4 ఓంల వరకు దిగవచ్చు కాబట్టి నేను 70/76 ఎంచుకున్నాను. మా గదికి అంతకంటే లావు వైరు అవసరం లేదు.

లావు కంటే ముందు చూడవలసింది అది నిజంగా రాగేనా అన్నది. పైన పారదర్శకమైన తొడుగు, లోపల ఎర్రగా మెరిసే పోగులు ఉన్న స్పీకర్ వైర్లలో చాలా వాటికి లోపల అల్యూమినియం ఉంటుంది, దానిపై రాగి పూత మాత్రమే ఉంటుంది. అల్యూమినియం విద్యుత్తును రాగిలో సుమారు అరవై శాతం మేరకే మోస్తుంది. పైగా ఆ పూత తెగిన చోట టంకం సరిగా పట్టదు, టెర్మినల్ స్క్రూ కింద నలిగి త్వరగా తెగుతుంది. కొనే ముందు చేతిలోకి తీసుకుంటేనే కొంత తెలుస్తుంది. రాగి సాంద్రత అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైగా ఉంటుంది కాబట్టి అసలు రాగి చుట్ట బరువుగా తగులుతుంది. అనుమానం తీరకపోతే ఒక పోగును బ్లేడుతో గీరాలి. గీరిన చోట తెల్లగా కనిపిస్తే ఆ చుట్టను అక్కడే వదిలేయాలి. హనుమకొండ చౌరస్తా దగ్గర నేను కొనే దుకాణదారుడు ఇప్పుడు నన్ను చూడగానే బ్లేడు తనే తీసి ఇస్తాడు.

పరికరాల మధ్య వేసే ఆర్‌సీఏ కేబుళ్ల (గుండ్రని పిన్ను ఉండే మామూలు ఆడియో కేబుళ్ల) విషయం మరికొంత వివరంగా చెప్పవలసి ఉంది. చాలామంది రెండు కోర్ల (లోపలి తీగల) మైక్ కేబుల్ తీసుకొని, రెండు కోర్లను సిగ్నల్‌కూ దాని తిరుగు దారికీ వాడి, షీల్డును ఒక చివర మాత్రమే కలుపుతారు. నేను రెండు పద్ధతుల్లోనూ చేసి వాడాను. నా అనుభవంలో ఒకే కోరు, దాని చుట్టూ దట్టమైన రాగి అల్లిక ఉన్న 75 ఓంల ఆర్‌జీ-59 రకం కేబుల్ మెరుగ్గా పనిచేసింది. దానికి కారణం ఉంది. ఆర్‌సీఏ కనెక్షన్‌లో సిగ్నల్ తిరిగి వెళ్లే దారీ, రెండు పరికరాల చాసిస్‌లను (లోహపు పెట్టెలను) కలిపే దారీ ఒక్కటే. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి, ఎర్త్ నుంచి వచ్చే చిన్న 50 హెర్ట్జ్ కరెంటు కూడా ఆ దారిలోనే పోతుంది. ఆ కరెంటు ఒక మిల్లీ ఆంపియర్ ఉండి, దారి నిరోధం 0.1 ఓం అయితే 100 మైక్రోవోల్టుల హమ్ (గుయ్‌మనే శబ్దం) సిగ్నల్‌లో కలుస్తుంది. అదే దారి 0.02 ఓం అయితే హమ్ ఐదో వంతుకు పడిపోతుంది. సన్నని కోరు ఒక్కటే తిరుగు దారిగా ఉన్న కేబుల్ కంటే బరువైన అల్లిక ఉన్న కేబుల్ నిశ్శబ్దంగా ఉండటానికి ఇదే కారణం. సౌండ్ పూర్తిగా పెంచి, పాట లేకుండా స్పీకర్ దగ్గర చెవి పెట్టి విన్నప్పుడు ఈ తేడా నాకు స్పష్టంగా తెలిసింది.

ఆర్‌జీ-59 అన్న పేరుతో దొరికేదంతా ఒకటి కాదు. సీసీ కెమెరాలకు అమ్మే కేబుళ్లలో కొన్నింటికి అల్లిక అల్యూమినియం మిశ్రమంతో ఉంటుంది, డిష్ యాంటెన్నాకు వాడే ఆర్‌జీ-6 లో కోరు తరచుగా రాగి పూసిన ఉక్కు. ఉక్కు కోరును చిన్న అయస్కాంతం పట్టేస్తుంది. అల్యూమినియం అల్లికకు మామూలు టంకం అంటదు. రాగి కోరు, రాగి అల్లిక రెండూ ఉన్న కేబుల్ నాకు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరికింది. కాజీపేట నుంచి పొద్దుటి రైలెక్కితే మధ్యాహ్నానికి పని ముగుస్తుంది. కేబుల్ చివర పెట్టే పిన్నులు కూడా అక్కడే, చేతితో చూసి, తిప్పి, బిగించి కొన్నాను. బంగారు పూత కంటే పిన్ను వెనక కేబుల్‌ను పట్టి ఉంచే క్లాంపు ముఖ్యమని నేను భావిస్తాను. క్లాంపు రేకు పలచగా ఉండి చేతి వేళ్లకే వంగిపోయే పిన్నులను ఎంత మెరుస్తున్నా తీసుకోలేదు.

ఇక అతుకు గురించి. పై తొడుగును రెండు సెంటీమీటర్లు తీసి, అల్లికను గుండుసూదితో పోగు పోగుగా విప్పి, ఒక పక్కకు మెలితిప్పి, దానికీ కోరుకూ విడివిడిగా ముందే టంకం పట్టించాలి. తర్వాత పిన్నును ఒక పాత ఆర్‌సీఏ సాకెట్‌లో గుచ్చి ఉంచి టంకం వేస్తాను. టంకం వేసే ఐరన్ వేడికి పిన్నులోని ప్లాస్టిక్ మెత్తబడినా, సాకెట్ పట్టి ఉంచడం వల్ల మధ్య పుల్ల వంకర పోదు. 25 వాట్ల ఐరన్ కోరుకు సరిపోతుంది, కానీ షీల్డును క్లాంపుకు అతికేటప్పుడు లోహం వేడిని గుంజుకుంటుంది కాబట్టి దానికి 40 వాట్లది వాడతాను. 60/40 టంకం (తగరం 60, సీసం 40 పాళ్లు) సుమారు 183 నుంచి 190 డిగ్రీల మధ్య గట్టిపడుతుంది. ఆ కొద్ది క్షణాల్లో వైరు కదిలితే పైకి బాగానే ఉన్నట్టు కనిపించి లోపల డ్రై సోల్డర్, అంటే సరిగా పట్టని అతుకు, మిగులుతుంది. మంచి అతుకు నునుపుగా మెరుస్తూ, అంచుల్లో లోహానికి అంటుకుపోయినట్టు పరుచుకుంటుంది. బొట్టులా ఉబ్బి నిలిచిందంటే మళ్లీ వేడి చేయాలి. చిన్న డబ్బాల్లో అమ్మే పేస్టును నేను ఈ పనికి వాడను. దానిలోని ఆమ్లం మిగిలిపోతే కొన్ని వానాకాలాల తర్వాత అతుకు చుట్టూ పచ్చని చిలుము పడుతుంది. లోపల రోజిన్ ఉన్న టంకం తీగ ఒక్కటే చాలు.

ఫ్యాన్ గాలి తగిలితే ఐరన్ ములికి చల్లబడి అతుకు చెడుతుంది. రోహిణి కార్తెలో వరంగల్ వైపు ఫ్యాన్ లేకుండా ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అందుకే టంకం పని తెల్లవారుజామున కిటికీలు తెరిచి పెట్టుకొని చేస్తాను. టంకం పొగ పీల్చడం మంచిది కాదు, సీసం ఉన్న టంకం పట్టిన చేతులను సబ్బుతో కడగకుండా ఏమీ తినకూడదు.

వాడకంలో ఏవి నిలిచాయి, ఏవి నిలవలేదు అన్నది ఈ సమీక్షకు అసలు విషయం. సీడీ ప్లేయర్ నుంచి యాంప్లిఫైయర్‌కు వేసిన మీటరు పొడవు జత ఇప్పటివరకు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. మల్టీమీటర్‌తో చూసినప్పుడల్లా నిరోధం మొదటి రోజు ఎంత ఉందో అంతే చూపిస్తోంది. స్పీకర్ వైర్ల చివరలు కొన్నాళ్లు బనానా ప్లగ్గులు లేకుండానే బిగించి ఉంచాను. వానాకాలపు తేమకు రాగి నల్లబడి, స్క్రూలు ఏటా విప్పి కొత్తగా ఒలిచి బిగించవలసి వచ్చింది. ప్లగ్గులు పెట్టి, మెడ మీద హీట్ ష్రింక్ స్లీవ్ వేసిన తర్వాత ఆ పని తప్పింది. అన్నిటికంటే తొందరగా అరిగింది ఫోన్‌కు తగిలించే 3.5 మిల్లీమీటర్ల జాక్ కేబుల్. రోజూ తీసి పెట్టడంతో జాక్ మెడ దగ్గర పోగులు తెగి ఒక చానల్ మాయమయ్యేది. కొన్న కేబుల్ అయితే అచ్చుపోసిన ప్లాస్టిక్ వల్ల పారేయవలసిందే. నాది కాబట్టి రెండంగుళాలు కత్తిరించి అదే జాక్‌కు తిరిగి అతికాను. సొంత కేబుల్‌లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచే గుణం ఇదే.

శబ్దంలో తేడా నిజంగా వినిపించింది రికార్డ్ ప్లేయర్ దగ్గర. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌కు 47 కిలో ఓంల లోడుతో పాటు కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని నిలుపుకునే గుణం) కూడా లెక్కలోకి వస్తుంది. కార్ట్రిడ్జ్ కాయిల్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) 500 మిల్లీహెన్రీలు ఉండి మొత్తం కెపాసిటెన్స్ 300 పీకోఫారడ్లు అయితే ఆ రెండూ కలిసి 13 కిలోహెర్ట్జ్ దగ్గర అనునాదం చెందుతాయి. 450 పీకోఫారడ్లు అయితే అది పదిన్నర దగ్గరికి దిగుతుంది. అప్పుడు తాళాల మీద, ‘స’కారాల మీద ఒక గరుకుదనం వస్తుంది, దాని పైన ఉన్న ధ్వనులు మందగిస్తాయి. నాలుగు కోర్ల స్టార్ క్వాడ్ మైక్ కేబుల్‌కు మీటరుకు 150 పీకోఫారడ్ల వరకు ఉంటుంది. ఆర్‌జీ-59 కు 67 మాత్రమే. 1.2 మీటర్ల ఫోనో కేబుల్‌ను దీనితో చేసిన తర్వాత మా అమ్మ దాచి ఉంచిన పాత నాదస్వరం రికార్డుల్లో తాళం స్పష్టంగా విడిగా వినిపించింది. ఇది మాత్రం లెక్కకూ చెవికీ రెండింటికీ అందిన మార్పు.

సీడీ ప్లేయర్ విషయంలో అలాంటిదేమీ లేదు. మా బావమరిది తన దగ్గర ఉన్న ఖరీదైన విదేశీ జతను తెచ్చి, ఏది తగిలించాడో చెప్పకుండా మార్చి మార్చి వినిపించాడు. ఏది ఏదో నేను గుర్తించలేకపోయాను. తర్వాత తను కూర్చొని విన్నప్పుడు తనూ గుర్తించలేకపోయాడు. సీడీ ప్లేయర్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ (అవుట్‌పుట్ వైపు నిరోధం) తక్కువగా ఉంటుంది కాబట్టి ఒక మీటరు కేబుల్ కెపాసిటెన్స్ వినగలిగే పరిధిలో దేనినీ కదిలించలేదు. ఖరీదైన కేబుల్ కొనాలనుకునేవారు ఆ డబ్బును స్పీకర్ల మీద పెట్టడం మేలని నేను గట్టిగా చెబుతాను.

కేబుల్ మార్చినా పోని హమ్ ఒకటి ఉంటుంది. మా ఇంట్లో టీవీని యాంప్లిఫైయర్‌కు తగిలించగానే గుయ్‌మనే శబ్దం వచ్చేది, సెట్ టాప్ బాక్స్ నుంచి వీధి కేబుల్ పీకేస్తే ఆగిపోయేది. వీధి కేబుల్ షీల్డు ఒక చోట, మా ఇంటి ఎర్త్ మరో చోట భూమిని తాకడం వల్ల ఏర్పడిన గ్రౌండ్ లూప్ అది. టీవీ నుంచి ఆప్టికల్ కేబుల్ (కాంతితో సిగ్నల్ పంపేది) తీసుకొని చిన్న కన్వర్టర్ పెట్టడంతో పూర్తిగా పోయింది, ఎందుకంటే ఆ దారిలో లోహమే లేదు. దీనికి కొందరు మెకానిక్కులు యాంప్లిఫైయర్ మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని చెబుతారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున చాసిస్ మీద 230 వోల్టులు ఉంటాయి, దానిని తాకే చేయి ఇంట్లో పిల్లలదైనా కావచ్చు.

ఖర్చు విషయానికి వస్తే, ఐరన్, మల్టీమీటర్ ముందే ఉన్నవారికి ఒక ఆర్‌సీఏ జత మంచి షోరూం జత ధరలో మూడో వంతుకు వస్తుంది. ఒక్క జత కోసమే పనిముట్లన్నీ కొనవలసి వస్తే ఏమీ మిగలదు. అటువంటివారు తగినంత పొడవున్న మామూలు కేబుల్ కొనుక్కోవడమే సబబు. సీడీ ప్లేయర్ నుంచి డిజిటల్ కోయాక్సియల్ తీసుకునేవారికి అదే ఆర్‌జీ-59, అవే పిన్నులు సరిపోతాయి, ఎందుకంటే ఆ కనెక్షన్‌కు కావలసింది కూడా 75 ఓంల కేబులే. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ, ఆప్టికల్ కేబుళ్లు మాత్రం ఇంట్లో ఐరన్‌తో చేయదగినవి కావు, వాటిని నేను ఇప్పటికీ దుకాణంలోనే కొంటున్నాను.