జావా మారింది, జావాసీ మారలేదు: మూడేళ్ల అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ వాడకం

పాత ప్రాజెక్టుకు జావా 11, కొత్తదానికి 17. రెండూ ఒకే ఉబుంటు 22.04 (లినక్స్) మెషీన్‌లో ఉన్నాయి. ఒక ఆదేశం పేరు ఏ వెర్షన్‌ను నడపాలో లింకుల ద్వారా మార్చే పనిముట్టు అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్. మూడేళ్లుగా వాటి మధ్య దీనితోనే మారుతున్నాను. మొదట్లో అడిగినవారికీ అడగనివారికీ దీని గొప్పలే చెప్పేవాణ్ని. కాన్ఫిగ్ ఆప్షన్‌తో జావా పేరు ఇస్తే వెర్షన్ల పట్టిక వస్తుంది, వాడుకలో ఉన్నదాని పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది, అంకె కొట్టి ఎంటర్ నొక్కితే సరి. పాత్ (ఆదేశాలను వెతికే ఫోల్డర్ల జాబితా) జోలికి పోనక్కర్లేదు.

ఒక సాయంత్రం 11కు మార్చుకుని, చిన్న పరీక్షే కదా అని టెర్మినల్‌లోనే ఒక ఫైలు కంపైల్ చేసి నడిపాను. అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్ వచ్చింది. క్లాస్ ఫైలు (కంపైల్ చేస్తే వచ్చే ఫైలు) వెర్షన్ 61.0 అట, ఈ జావాకు 55.0 వరకే తెలుసట. 61 అంటే 17 అనీ, 55 అంటే 11 అనీ నాకు తెలుసు. తెలిసి కూడా తప్పుదారి పట్టాను: పాత క్లాస్ ఫైళ్లు మిగిలి ఉంటాయనుకుని అన్నీ తుడిచేసి మళ్లీ కంపైల్ చేశాను. మళ్లీ 61. జావాను వెర్షన్ అడిగితే 11 అనే చెబుతోంది, అది అబద్ధమూ కాదు. టెర్మినల్ మూసి తెరిచాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, మెషీన్‌ను కూడా రీస్టార్ట్ చేశాను. గంటన్నర గడిచాక వార్ లాగ్ (/var/log) ఫోల్డర్‌లోని ఆల్టర్నేటివ్స్ లాగ్ తెరిస్తే, ఆ రోజు జావా గ్రూపు 11కు మారినట్టు మాత్రమే ఉంది. జావాసీ, అంటే జావా కంపైలర్, ఊసే లేదు.

దీని లెక్కలో జావా, జావాసీ, జార్ (క్లాస్ ఫైళ్లను మూటగట్టేది) విడివిడిగా మారే వేర్వేరు గ్రూపులు. జావాను మారిస్తే దాని మ్యాన్ పేజీ (సహాయ పుట) బుద్ధిగా వెంట నడుస్తుంది, కంపైలర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. మ్యాన్ పేజీ మీద ఉన్న శ్రద్ధ కంపైలర్ మీద లేకపోవడం ఇప్పటికీ నాకు మింగుడు పడదు. అన్నిటినీ ఒక్క దెబ్బతో మార్చే అప్‌డేట్-జావా-ఆల్టర్నేటివ్స్ అనే స్క్రిప్టు జావా-కామన్ ప్యాకేజీలో మొదటి నుంచీ నా మెషీన్‌లోనే పడి ఉంది. పట్టికలో ఆ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ గంటన్నర మిగిలేది.

మంచి కూడా చెప్పాలి. తర్వాత జావా 21 వేసినప్పుడు, దాని ప్రాధాన్యం 2111, నేను ఎంచుకున్న 11ది 1111. ఆటో మోడ్‌లో ఉంటే ప్రాధాన్యం ఎక్కువున్న కొత్తదే గద్దె ఎక్కేది. నేను చేత్తో ఎంచుకున్నాను కాబట్టి అది మాన్యువల్ మోడ్‌లో ఉంది, ఒక్క లింకూ కదలలేదు. ఆ రోజు మళ్లీ మెచ్చుకున్నాను, కాస్త గొంతు తగ్గించి. ఎందుకంటే అప్పటికే ప్రాజెక్టును బిల్డ్ చేసే మేవెన్ ఈ లింకులను పక్కనపెట్టి, నేనెప్పుడో సెట్ చేసి మరిచిపోయిన జావా హోమ్ (జావా ఎక్కడుందో చెప్పే సెట్టింగ్) మాటే వింటోందని తెలిసింది.

మెషీన్ నా ఒక్కడిదే, సుడో (అడ్మిన్ అధికారం) నా చేతిలోనే ఉంది, రోజుకు ఒక ప్రాజెక్టే ముట్టుకుంటాను. అందుకే నాకు సరిపోతోంది. పైథాన్ 3ను మాత్రం దీనితో మార్చే సాహసం చేయలేదు, ప్యాకేజీలు వేసే ఆప్ట్ తాలూకు స్క్రిప్టులు సిస్టమ్‌తో వచ్చిన పైథాన్‌నే నమ్ముకుని ఉంటాయి. ఇక్కడ మార్చిన వెర్షన్ మెషీన్ మొత్తానికీ వర్తిస్తుంది కాబట్టి, ఒకే సమయంలో రెండు టెర్మినళ్లలో రెండు జావాలు కావాలంటే ఇది పనికిరాదు. నాకు ఆ అవసరం ఇంకా రాలేదు.