సమీక్ష: మైగవ్‌లో యువత మాట ఎంతవరకు చెల్లుతుంది?

ఓటు హక్కు వయసును 21 నుంచి 18 ఏళ్లకు తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణ 1989 మార్చిలో అమల్లోకి వచ్చింది. అయితే ఆ ఓటు వేసే అవకాశం సాధారణంగా అయిదేళ్లకోసారి వస్తుంది. చట్టాలు, విధానాలు మాత్రం ఏడాది పొడవునా తయారవుతూనే ఉంటాయి. ఆ మధ్యకాలంలో పౌరులు, ముఖ్యంగా యువతీయువకులు, తమ మాట చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న వేదికల్లో ప్రధానమైనది 2014 జూలై 26న మొదలైన మైగవ్ (MyGov) వెబ్‌సైట్. డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధించేవాడిగా ఈ వేదికను ఆ ఒక్క ప్రయోజనం దృష్ట్యానే పరిశీలించాను.

వాడుకలో ఇబ్బంది లేదు. మొబైల్ నంబరుతోనో ఈమెయిల్‌తోనో నమోదు చేసుకుని చర్చలు, పోల్స్, క్విజ్‌లు, లోగో పోటీల్లో పాల్గొనవచ్చు. స్వచ్ఛ భారత్ లోగో, అందులోని గాంధీగారి కళ్లజోడుతో సహా, ఇక్కడ పెట్టిన పోటీ ద్వారా వచ్చిందే. పోటీల విషయంలో ఈ వేదికకు వంక పెట్టలేం. క్విజ్ సర్టిఫికెట్లకు మా విద్యార్థుల్లో ఉన్న గిరాకీ కూడా తక్కువేమీ కాదు.

అసలు పరీక్ష ముసాయిదా చట్టాలు, నిబంధనల దగ్గర మొదలవుతుంది. 2025 జనవరి 3న విడుదలైన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ నిబంధనల ముసాయిదానే తీసుకుందాం. ఈ నిబంధనలకు మూలమైన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వారి డేటాను వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి ఉండాలి. ఆ సమ్మతిని ఎలా సరిచూసుకోవాలో ఈ నిబంధనలు చెబుతాయి. ఇంటర్ చదివే పిల్లల రోజువారీ ఫోను వాడకాన్ని ఇంత నేరుగా తాకే నిబంధన ఈ మధ్యకాలంలో మరొకటి రాలేదని నా అభిప్రాయం. మైగవ్‌లో ఒక్కో నిబంధన కింద విడివిడిగా అభిప్రాయం రాసే వీలు కల్పించడం, ఫిబ్రవరి 18 వరకు ఉన్న గడువును మార్చి 5 దాకా పొడిగించడం మెచ్చుకోదగినవి.

అక్కడి నుంచి మాత్రం దారి మూసుకుపోతుంది. అందిన అభిప్రాయాలను బయటపెట్టబోమని, నిబంధనలు ఖరారయ్యాక పేర్లు లేకుండా సారాంశం మాత్రం ప్రచురిస్తామని ముందే ప్రకటించారు. నిర్భయంగా రాయడానికి ఈ గోప్యత ఉపకరిస్తుందన్న వాదనను కొట్టిపారేయలేను. అయితే దీనివల్ల విశాఖలోని విద్యార్థిని ఏమి రాసిందో వరంగల్‌లోని విద్యార్థికి తెలియదు. ఒకరి వాదనను మరొకరు అందుకుని, ఖండించి, పదును పెట్టే అవకాశం ఉండదు. పైగా ముసాయిదా గెజిట్‌లో హిందీ, ఇంగ్లీషు భాషల్లో వెలువడింది. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏ భాషలోనైనా చదువుకునే వీలు కల్పించాలని కంపెనీలకు చెప్పే చట్టం ఇది! ఆ పట్టింపు తన ముసాయిదా విషయంలోనూ ఉండవలసింది.

నిజానికి ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని, వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2014 ఫిబ్రవరిలోనే కేంద్రం ఒక విధానం నిర్ణయించుకుంది. అది చట్టం కాదు కాబట్టి దాన్ని పాటించడం శాఖల ఇష్టాయిష్టాల మీదే చాలావరకు ఆధారపడి ఉంది. ముసాయిదా చదువుతూ మా తరగతిలో ఒక అమ్మాయి, "సార్, మనం రాస్తే ఏ వాక్యం మారిందో చెబుతారా?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మైగవ్‌లో సమాధానం చూపించే పేజీ నాకు కనిపించలేదు.

2025 జనవరిలో ఢిల్లీ భారత్ మండపంలో జరిగిన వికసిత్ భారత్ యువ నేతల సంవాదం వేరే దారి పట్టింది. క్విజ్‌తో మొదలుపెట్టి, వ్యాసం, రాష్ట్రస్థాయి ప్రదర్శనల ద్వారా వడపోసి, దాదాపు 3,000 మందిని ప్రధానమంత్రి ఎదుట కూర్చోబెట్టారు. వారికి దక్కిన గౌరవం నిజమైనదే. కానీ ఒక విధానం వల్ల నష్టపోయే కుర్రవాడు దాని గురించి మాట్లాడాలంటే ముందు క్విజ్‌లో నెగ్గాలనడం నాకు సబబుగా తోచలేదు.

నమోదుకు, పోటీలకు మైగవ్‌కు అయిదుకు నాలుగు ఇస్తాను; జాతీయ నిర్ణయాల్లో యువత మాటకు విలువ కల్పించే సాధనంగా రెండుకు మించి ఇవ్వలేను. ప్రతి ముసాయిదా పేజీలోనే ఏ సూచనను ఆమోదించారు, దేనిని ఏ కారణంతో తిరస్కరించారు అన్న పట్టిక తెలుగుతో సహా అన్ని షెడ్యూలు భాషల్లో పెడితే ఆ రెండో అంకెను మార్చడానికి నాకు అభ్యంతరం ఉండదు. ఈలోగా విద్యార్థులు రాయడం మానవద్దు. పంపిన ప్రతి అభిప్రాయానికి తేదీతో సహా ఒక ప్రతిని తమ దగ్గర ఉంచుకుని, తుది గెజిట్ వచ్చినప్పుడు పక్కపక్కన పెట్టి సరిచూసుకోవాలి.