‘నేను’ చెప్పే కథా, ‘ఆమె’ కథా?

కొత్తగా కథలు రాసేవాళ్లు చాలామంది ‘నేను’తో మొదలుపెడతారు. అందులో ఒక సుఖం ఉంది. తెలుగులో క్రియే మనిషిని పట్టిస్తుంది. ‘వెళ్లాను, చూశాను’ అంటే చాలు, ప్రతిసారీ ‘నేను’ అక్కర్లేదు. శ్రీకాకుళం యాసలోనో కరీంనగర్ యాసలోనో కథంతా నడపొచ్చు, మాట్లాడేది ఆ మనిషే కదా. చిక్కల్లా, అతనికి తెలియనిది పాఠకుడికి నేరుగా చెప్పలేం.

ప్రథమ పురుషలో, అంటే ‘ఆమె’, ‘అతను’ అంటూ చెప్పే కథలో, ఆ కట్టు లేదు. కానీ మొదటి వాక్యంలోనే పరీక్ష ఎదురవుతుంది: వాడా, అతనా, ఆయనా? ఆమా, ఆవిడా? ‘వాడు తలుపు తీశాడు’, ‘ఆయన తలుపు తీశారు’. జరిగింది ఒకటే, కథకుడు నిలబడ్డ చోటు వేరు. కూలికెళ్లే ముసలాయన్ని ‘వాడు’ అనీ, పొలం ఆసామిని ‘ఆయన’ అనీ రాస్తే, మనకు తెలియకుండానే ఒకరి పక్షం చేరిపోయినట్టు. నా తొలి కథల్లో ఈ తప్పు చాలాసార్లు చేశాను. ఇప్పుడు చిత్తుప్రతిని సర్వనామాల కోసమే ఇంకోసారి చదువుతాను.

ఒక్క మనసులోని అలజడే కథైతే నా ఓటు ‘నేను’కే. ఇద్దరి మధ్య నలిగే కథకు ప్రథమ పురుషే మేలు. ఎటూ తేలకపోతే మొదటి పేరా రెండు రకాలుగానూ రాసి, పైకి చదివి వినండి.