సొంత సాధన, శిక్షణ కేంద్రం, వాడుకరుల సంఘం: కంప్యూటర్ నేర్చుకోవడానికి ఏది మేలు?

కంప్యూటర్‌ను రోజువారీ అవసరాలకు వాడుకోవడం దాటి, దాని పనితీరును లోతుగా తెలుసుకోవాలనుకునే వారికి ముఖ్యంగా మూడు దారులున్నాయి: పుస్తకాలు, వీడియోలు చూసి ఇంట్లోనే సాధన చేయడం, రుసుము చెల్లించి శిక్షణ కేంద్రంలో చేరడం, తాము ఉండే చోట ఔత్సాహికులు క్రమం తప్పక కలుసుకునే వాడుకరుల సంఘంలో సభ్యులు కావడం.

వీటిలో శిక్షణ కేంద్రం గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. ఉద్యోగానికి ధ్రువపత్రం కావలసినవారికి, నిర్ణీత గడువులో ఒక పాఠ్యప్రణాళిక పూర్తి చేయదలచినవారికి అదే తగినది. అయితే పాఠం అయిపోయాక మన సొంత యంత్రంలో వచ్చే చిక్కులకు అక్కడ చోటు తక్కువ.

సొంత సాధనకు నేను ఎంతో విలువ ఇస్తాను. ఖర్చు తక్కువ, వేళ మనది, అర్థం కాని భాగాన్ని ఎన్నిసార్లయినా చదువుకోవచ్చు. ప్రోగ్రామింగ్ వంటి విద్య చివరికి ఒంటరిగా కూర్చుని రాస్తేనే పట్టుబడుతుంది. కానీ సమస్యకు పేరు తెలియనప్పుడు ఈ దారి మూసుకుపోతుంది. ఉదాహరణకు, కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటైన లినక్స్‌ను స్థాపించిన తరువాత తెర నల్లగా ఉండిపోయిందంటే, కారణం గ్రాఫిక్స్ డ్రైవర్ (తెరపై దృశ్యాన్ని చూపే భాగాన్ని నడిపే ప్రోగ్రాము) కావచ్చు, సెక్యూర్ బూట్ అమరిక (యంత్రం మొదలయ్యేటప్పుడు గుర్తింపు ఉన్న ప్రోగ్రాములనే అనుమతించే ఏర్పాటు) కావచ్చు, బూట్ క్రమం (యంత్రం ఏ డిస్కు నుంచి ముందు మొదలవ్వాలన్న వరుస) తప్పుగా ఉండటం కావచ్చు. ఏమని వెతకాలో కొత్తవారికి తెలియదు. అనుభవం ఉన్నవారు పక్కన కూర్చుంటే, యంత్రం ఏ దశలో ఆగిందో కళ్లారా చూసి, ఆ మూడింటిలో ముందు దేన్ని పరీక్షించాలో చెప్పగలుగుతారు. మనం చెప్పడం మరచిన వివరం కూడా వారి కంటపడుతుంది.

వాడుకరుల సంఘాల చరిత్ర అంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదే నడిచింది. 1955లో ఐబీఎం 704 అనే పెద్ద కంప్యూటర్లను వాడే సంస్థలు, ఒకే రకమైన ప్రోగ్రాములను ఎవరికి వారు మళ్లీ మళ్లీ రాసుకునే శ్రమను తప్పించుకోవడానికి ‘షేర్’ అనే సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నాయి. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో, ఒక సభ్యుని గ్యారేజీలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ తొలిసారి సమావేశమైంది. తరువాత ఆపిల్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ తాను రూపొందించిన ఆపిల్-1 కంప్యూటర్ సర్క్యూట్ చిత్రాలను ఆ క్లబ్ సభ్యులకు ఉచితంగా పంచిపెట్టారు. తరువాతి కాలంలో లినక్స్ సంఘాలు నిర్వహించిన ‘ఇన్‌స్టాల్ ఫెస్ట్’లలో కొత్తవారు తమ కంప్యూటర్లను తెచ్చుకుని, సభ్యుల సాయంతో లినక్స్‌ను స్థాపించుకునేవారు. అటువంటి చోటికి వెళ్లేముందు ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసి ఉంచుకోవడం, సంకేతపదాలను ఎవరికీ చెప్పకపోవడం తప్పనిసరి.

సంఘానికి లోపాలు లేకపోలేదు. వరుస పాఠాలు ఉండవు. పాతవారి చర్చ కొత్తవారి తలకెక్కకపోవచ్చు. స్వచ్ఛందంగా పనిచేసేవారు అలసిపోతే సమావేశాలే ఆగిపోతాయి. వేల మంది సభ్యులతో వెలిగిన అమెరికాలోని బోస్టన్ కంప్యూటర్ సొసైటీ అనే వాడుకరుల సంఘం కూడా 1977లో పుట్టి 1996లో మూతపడింది. అందువల్ల సంఘాన్ని చదువుకు బదులుగా కాక, చదువుకు తోడుగా ఎంచుకోవాలని నా అభిప్రాయం. మొదటి అక్షరాలు ఇంట్లో దిద్దుకుని, చిక్కుముడులతో సంఘానికి వెళ్లేవారికి దక్కే ఫలితం మిగిలిన రెండు దారుల్లో దేనిలోనూ దొరకదు.

సంఘాల్లోనూ ఎంపిక ఉంటుంది. ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వాడాలో, ఏ భాషలో ప్రోగ్రాములు రాయాలో ఇప్పటికే తేల్చుకున్నవారికి దానికే పరిమితమైన సంఘం మేలు. ఇంకా తేల్చుకోనివారికి అన్నింటినీ చర్చించే సంఘం మేలు. ఏదైనా సరే, సభ్యత్వ రుసుము కట్టకముందే ఒక సమావేశానికి వెళ్లి, కొత్తవారి ప్రశ్నకు ఎంత సమయం ఇస్తున్నారో, సాయం చేసేవారు కీబోర్డును తామే లాక్కుని పని ముగిస్తున్నారో, లేక అడిగినవారి చేతనే టైప్ చేయిస్తూ ప్రతి మెట్టునూ వివరిస్తున్నారో గమనించాలి. రెండో పద్ధతి కనిపించిన సంఘంలో నిస్సంకోచంగా చేరవచ్చు.