అచ్చు ఎవరికి, ఈబుక్ ఎవరికి?
అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితలు ఆండీ వియర్, హ్యూ హౌవీ ఇద్దరూ పబ్లిషర్ గుమ్మం తొక్కకుండానే పేరు తెచ్చుకున్నారు. వియర్ ‘ద మార్షియన్’ నవలను ఒక్కో అధ్యాయం చొప్పున తన వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టాడు. కెమిస్ట్రీలో తప్పు దొర్లితే పాఠకులే మెయిల్ కొట్టేవారు, ఆయన దిద్దుకునేవాడు. ఇలాంటి ఎడిటింగ్ డబ్బు పోసినా దొరకదు! 2011లో అమెజాన్ ఈబుక్ దుకాణం కిండిల్‌లో 99 సెంట్లకు పెట్టాడు. అంతకన్నా తగ్గించడానికి అమెజాన్ ఒప్పుకోదు మరి. తర్వాత హక్కులు పెద్ద సంస్థకు అమ్మేస్తే 2014లో అచ్చయింది.

హౌవీ కూడా 2011లోనే ‘వుల్’ అనే చిన్న కథను కిండిల్‌లో వదిలాడు. పాఠకులు ఇంకా కావాలన్నాకే మిగతా భాగాలు రాశాడు. రాసే పద్ధతిలో నాకు వియరే నచ్చుతాడు కానీ, బేరంలో మాత్రం నా ఓటు హౌవీకే: సైమన్ అండ్ షుస్టర్ అనే ప్రచురణ సంస్థకు అచ్చు హక్కులు మాత్రమే ఇచ్చి, ఈబుక్ తన చేతిలోనే ఉంచుకున్నాడు.